సక్షన్ సీసాలో ఎరుపు

2007 ఆగస్టులో నేను కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎండోస్కోపీ విభాగంలో బయోమెడికల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఇక్కడ చెప్పబోయే ఉదయం ఆ గదిలో ఉన్నవాళ్లు నలుగురు: విభాగం పెద్ద డాక్టర్ ఖలీల్, స్టాఫ్ నర్సు మేరీ, బల్ల మీద ఎడమపక్కకు తిరిగి సగం మత్తులో పడుకున్న వెంకటసుబ్బయ్య శెట్టి, నేను. ఉన్న వస్తువులు: కెమెరా బిగించిన పొడవాటి గొట్టం, దానికి వెలుగునిచ్చే దీపం పెట్టె, టీవీ తెర, పేగులోంచి నీళ్లు లాగే సక్షన్ యంత్రం, ఆ నీళ్లు చేరే రెండు లీటర్ల గాజు సీసా, పసుపు కళ్లద్దాలు మూడు జతలు, కిటికీలకు రెండు వరుసల నల్ల తెరలు. ఏసీ కూడా ఉంది. అది పనిచేయడం లేదు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మాది బద్వేలు. కడపలో చదువు ముగించి, హైదరాబాదులో ఆరు నెలలు ఈ యంత్రాల మీద శిక్షణ పొంది, వెలుగుతో క్యాన్సరును కనిపెట్టి నయంచేసే ఒక పరిశోధన ప్రాజెక్టు కింద ఆ దీపం పెట్టెతో పాటే కర్నూలుకు వచ్చాను. కొన్నేళ్లకు ఆ ప్రాజెక్టు ముగిసి యంత్రం హైదరాబాదుకు తిరిగిపోయింది. నేనూ ఆ వృత్తి మానుకున్నాను. ఇప్పుడు మా ఊళ్లోనే సోలారు పంపుసెట్లు బిగిస్తున్నాను. ముప్పై ఏళ్లకే రిటైరైనవాడని ఇంట్లో నన్ను ఎగతాళి చేస్తుంటారు. ఏ యంత్రం దగ్గర కూర్చున్నా నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ ఒక్క రోజే.

ముందు ఆ పరీక్ష ఏమిటో చెప్పాలి. పెద్దపేగు క్యాన్సరును మామూలుగా తెల్లని వెలుగులో, కెమెరాతో చూసి కనిపెడతారు. గడ్డ పైకి లేచి ఉంటే కనిపిస్తుంది. చదునుగా, చుట్టుపక్కల పొర రంగులోనే ఉంటే ఎంత అనుభవం ఉన్న డాక్టరు కంటికైనా దొరక్కపోవచ్చు. దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. అమైనోలెవ్యులినిక్ ఆమ్లం అనే పొడిని నీళ్లలో కలిపి రోగి చేత తాగిస్తారు. ఒంట్లోని కణాలు దాన్ని పోర్ఫిరిన్ అనే పదార్థంగా మారుస్తాయి. నెత్తురుకు ఎరుపునిచ్చే పదార్థం తయారయ్యే క్రమంలో చివరి మెట్టుకు ముందు వచ్చేది ఇదే. మామూలు కణాలు దాన్ని వెంటనే వాడేసుకుంటాయి. క్యాన్సరు కణాల్లో అది పేరుకుపోతుంది. నాలుగైదు గంటలయ్యాక తెల్ల వెలుగు తీసేసి నీలి వెలుగు వేసి, పసుపు అద్దంలోంచి చూస్తే, పేరుకున్న చోటు పొయ్యిలోని నిప్పులా ఎర్రగా కనిపిస్తుంది. మిగతా పేగంతా నీలి మసక.

ఇదే జాతి పదార్థంతో చికిత్స కూడా చేయవచ్చు. ఆ మందు వేరు. అది ఇంజెక్షను. రెండు రోజుల తరువాత సన్నని గాజు తీగ గుండా ఎర్ర లేజరు వెలుగును గడ్డ మీద సరిగ్గా పడేలా చేస్తారు. వెలుగు తగిలిన పదార్థం పక్కనున్న ఆక్సిజన్‌ను విషంగా మారుస్తుంది. ఆ విషానికి ఆ కణాలే చస్తాయి. వెలుగు పడని చోట మందు ఊరికే ఉండిపోతుంది. కోత లేదు, కుట్లు లేవు. కానీ వెలుగు లోతుకు పోదు కాబట్టి చిన్న గడ్డలకే పనికొస్తుంది. పైగా మందు ఒంట్లో ఉన్నంతకాలం ఎండ తగిలితే చర్మం కాలుతుంది. తాగే మందుకు రెండు రోజులు, ఇంజెక్షనుకు నెల పైనే నీడపట్టున ఉండాలి. కర్నూలు జిల్లాలో ఇది కాగితం మీద రాసినంత తేలిక కాదు.

శెట్టిగారికి యాభై ఏడేళ్లు. డోన్‌లో స్టేషనుకు దగ్గరగా చెనిక్కాయల అంగడి, అంటే వేరుశనగ వ్యాపారం. మలాశయంలో, బాగా కిందుగా, చిన్న గడ్డ దొరికింది. ముక్క తీసి పరీక్షిస్తే తొలిదశ క్యాన్సరని వచ్చింది. అంత కింద ఆపరేషను చేస్తే మలద్వారం మిగలదు. కడుపుకు రంధ్రం చేసి, జీవితాంతం సంచి తగిలించుకోవాలి. సర్జన్ ఈ మాట చెప్పినప్పుడు శెట్టిగారు నవ్వారట. తరువాత డాక్టర్ ఖలీల్ దగ్గరికి వచ్చి అదే మాట ఇంకోలా చెప్పారు. అది నేను విన్నాను.

“బతుకంతా సంచులు ఎత్తించి దించితి సార్. ఇంగ ఒగటి నా కడుపుకే కట్టుకోని గద్దె మీద కూచోవల్లనా? పొద్దున లేచి నీళ్లు పోసుకోని సామికి దీపం పెట్టందే నేను అంగడి తలుపు తీయను. ఆ సంచితో దేవునింట్లోకి యాడ పోదును? అట్లయితే నాకు ఏ వైద్యమూ వద్దు. ఉన్నన్నాళ్లు ఉంటా.”

అది బెదిరింపు కాదు. సరుకు ధర చెప్పినంత మామూలుగా చెప్పారు. అందుకే డాక్టర్ ఖలీల్ ఆయన్ను వెలుగు చికిత్స ప్రాజెక్టులో చేర్చుకోవాలనుకున్నారు. ప్రాజెక్టు నియమం ఒకటి ఉంది: గడ్డ ఒక్కటే అయి ఉండాలి. నీలి వెలుగులో రెండో చోటు ఎర్రగా కనిపిస్తే రోగిని తీసేయాలి, ఆపరేషనుకు పంపాలి. కాబట్టి ఆ ఉదయం మేము చూడవలసింది ఒక్కటే. ఆయన పేగులో ఎరుపు ఒక్క చోటే ఉందా, లేదా.

ఉదయం ఆరుకు మందు తాగించాం. పదకొండుకు గొట్టం లోపలికి వెళ్లింది. తెల్ల వెలుగులో పేగు శుభ్రంగా ఉంది. పొర మీద అక్కడక్కడా పచ్చటి జిగురు. పైత్యరసం కూడా అదే రంగులో ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు తలూపారు. నేను దీపం పెట్టె మీద మీట తిప్పి నీలి ఫిల్టరు వేశాను.

గడ్డ ఎర్రగా వెలిగింది. అది అనుకున్నదే. గొట్టాన్ని ఇంకాస్త పైన నిలిపితే ఇంకో ఎర్ర మచ్చ. దాని తరువాత ఒక చార. మలుపు దాటితే మూడు మచ్చలు కలిసి. డాక్టర్ ఖలీల్ మొదట “ఒకటి, రెండు” అని లెక్క చెబుతూ వచ్చారు. మేరీ సిస్టర్ రాసుకుంటోంది. పన్నెండు దాటాక ఆయన లెక్కపెట్టడం మానేశారు. నీళ్లు చిమ్మి చూశారు. కొన్ని పోయాయి, కొన్ని అంటుకునే ఉన్నాయి. తెల్ల వెలుగు వేయమన్నారు. వేశాను. ఏమీ లేదు, నున్నటి పొర. నీలి వెలుగు వేయమన్నారు. మళ్లీ ఎరుపు.

తెల్ల వెలుగులో కనిపించనిదాన్ని చూపడమే ఆ యంత్రం పని. అది అదే చేస్తోందని మేమందరం నమ్మాం. డాక్టరు ఐదు చోట్ల చిన్న ముక్కలు తీసి సీసాల్లో వేయించారు. ఆ ఫలితాలు రావడానికి నాలుగు రోజులు పడుతుంది.

నా పరిధి గొట్టాన్ని దీపం పెట్టెకు కలిపే కనెక్టరు దగ్గర ముగుస్తుంది. వెలుగు సరిగా ఉందా, ఫిల్టరు సరిగా పడిందా అన్నవరకే నా మాట. తెర మీద కనిపించేది ఏమిటో చెప్పడం డాక్టరు పని. కాబట్టి నేను ఆయన అడిగినదానికే జవాబు చెప్పాను. ఫిల్టరు సరిగానే ఉంది సార్ అన్నాను. అది నిజమే.

మత్తు దిగాక శెట్టిగారిని పక్కగదికి మార్చారు. అక్కడ కిటికీలకు దుప్పట్లు కట్టించాం, ఎండ పడకుండా. ఆయనతో వచ్చినది ఆయన అక్క లక్ష్మమ్మ. అరవై ఐదేళ్లుంటాయి. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడింట్లోనే ఉంటూ, ఆ ఇంటి వంటా వైద్యమూ తానే చూస్తుందని తరువాత తెలిసింది. డాక్టర్ ఖలీల్ మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పారు. అనుమానం ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, ముక్కలు పరీక్షకు పంపాం, వెలుగు చికిత్స మాత్రం కుదరదు.

శెట్టిగారు కాసేపు దుప్పటి కట్టిన కిటికీ వైపు చూశారు.

“మధ్యాహ్నం బండికి పోతాం సార్” అన్నారు. “అక్కా, చెంబూ గుడ్డలూ సర్దు.”

“ఫలితాలు రానీ శెట్టీ. నాలుగు దినాలు.”

“వచ్చి ఏం జేస్తాయి? నా మాట మీకు ముందే చెప్పినా గదా.”

“సరే పో. కానీ ఇప్పుడు పోలేవు” అన్నారు డాక్టర్ ఖలీల్. “ఒంట్లో మందు ఉండాది. ఈ ఎండకు స్టేషను చేరేలోపు మొగం కాలి బొబ్బలెక్కుతాది. పొద్దు గుంకినాంక పో.”

శెట్టిగారు దానికి ఒప్పుకున్నారు. పొద్దు గూకేదాకా మాకు దొరికిన గడువు అలా మందు పెట్టిన గడువే.

నేను గదికి తిరిగివచ్చి గొట్టం కడిగే పని మొదలుపెట్టాను. పద్ధతి ఇది: గొట్టం కొనను శుభ్రమైన నీళ్ల బకెట్టులో ముంచి, సక్షన్ నొక్కి, నీళ్లను గొట్టం గుండా లాగి సీసాలోకి పోనివ్వాలి. తరువాత సబ్బు ద్రావణం, తరువాత క్రిమినాశిని. దీపం ఆపడానికి ముందు వెలుగు ఎంత వస్తోందో కొలవాలి. అందుకని నీలి దీపం వెలుగుతూనే ఉంది. పసుపు కళ్లద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి. గదిలో దీపాలు ఇంకా వేయలేదు. కొలిచే మీటరు తీయడానికి వంగినప్పుడు గొట్టం కొన పక్కకు తిరిగింది. నీలి వెలుగు వెళ్లి సక్షన్ సీసా మీద పడింది.

సీసా సగం ఎర్రగా వెలిగింది.

మొదట నెత్తురనుకున్నాను. కళ్లద్దాలు తీసి గది దీపం వేసి చూశాను. లోపల ఉన్నది పచ్చగా మురికిగా ఉన్న నీళ్లు. దీపం తీసి, అద్దాలు పెట్టుకుని చూశాను. ఎరుపు. అదే ఎరుపు, తెర మీద చూసినది. సీసాకు క్యాన్సరు రాదు. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన అంతవరకే, అంతకంటే గొప్పదేమీ కాదు.

డాక్టర్ ఖలీల్ క్యాంటీన్‌లో టీ ముందు కూర్చుని ఉన్నారు. టీ తాగడం లేదు. రమ్మన్నాను. వచ్చి, సీసా మీద నీలి వెలుగును రెండుసార్లు వేయించి, తీయించి చూశారు. తరువాత ఆయన వేసిన ప్రశ్న నాకు తోచనిది.

“మనం ఇచ్చిన మందే పోర్ఫిరిన్ అయి, కాలేయం నుంచి పైత్యంతో పేగులోకి దిగి ఉండొచ్చు గదప్పా. అట్లయితే నీళ్లు వెలగడంలో వింతేముంది? నీళ్లు వెలిగినంత మాత్రాన గోడకు జబ్బు లేదని యాడ రాసుండాది?”

రెండు ఎరుపులనూ విడదీసి చూపే పరికరం హైదరాబాదులో ఉంది. మా దగ్గర ఉన్నవి మా కళ్లు, ఒక సీసా. ఇద్దరం కూర్చుని, మందు కాకుండా నీలి వెలుగుకు ఎర్రగా మెరిసే పదార్థాలు ఏమున్నాయో చెప్పుకున్నాం. కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసేవి. పాతబడిన నెత్తురు. ఆకుల్లోని పచ్చదనం. మూడోది నేను చెప్పాను. కాలేజీ ప్రయోగశాలలో ఆకును నూరి స్పిరిట్‌లో కలిపి నీలి వెలుగు వేస్తే ఎర్రగా కనిపించడం చూశాను. ఆకులోని పత్రహరితం, నెత్తురులోని పోర్ఫిరిన్, రెండూ దగ్గరి చుట్టాలే.

“రెండు దినాల నుంచి ఆయన ఆకు తిన్లేదు” అంది మేరీ సిస్టర్. “గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్లు. నేనే రాసిచ్చినా. నిన్న సాయంత్రం భేదికి పొడి నాలుగు లీటర్ల నీళ్లలో కలిపిచ్చినా. కడుపు బాగా కడిగినట్టుండాదని పొద్దున నేనే చూసినా.”

ఆమె మాటలో తప్పులేదు. పేగు నిజంగానే శుభ్రంగా ఉంది.

మూడు గంటల ప్రాంతంలో ముగ్గురం శెట్టిగారి గదికి వెళ్లాం. డాక్టరు లక్ష్మమ్మను మర్యాదగానే అడిగారు: అమ్మా, ఆయన తిన్నదీ తాగిందీ అంతా ఒకసారి చెప్పు.

“మీరిచ్చిందే సామీ. గంజి. మజ్జిగ. మీ పొడి.”

“ఇంకేం లేదా?”

“ఇంకేముంటాది? ఆస్పత్రిలో ఉండి ఆరు రకాలు వండిపెడతానా?”

ఆమె ఏదో దాస్తోందని ముగ్గురికీ తెలిసింది. డాక్టర్ల దగ్గర ఆకుమందు మాట ఎత్తితే తిట్లు తప్పవని మా జిల్లాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. ఎత్తకపోవడం అలవాటుగా మారిపోయింది. డాక్టర్ ఖలీల్ గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి, ఆమెకు ఆ సీసా చూపించు అన్నారు.

సీసాలోని నీళ్లు కొంచెం గాజునాళికలో పోసి, దీపం పెట్టెను చక్రాల బల్ల మీద తోసుకుంటూ తెచ్చాను. గది ఎలాగూ చీకటి. నా కళ్లద్దాలు లక్ష్మమ్మకు పెట్టాను. ఆమె వాటిని రెండు చేతులతో పట్టుకుంది, జారిపోతాయేమోనని. దీపం వేశాను.

“అయ్యో, నెత్తురా?”

“నెత్తురు కాదమ్మా. మీ తమ్ముని పేగులోంచి వచ్చిన నీళ్లు. ఈ వెలుగుకు ఇట్ల కనపడతాండాయి. దీన్ని చూసే మేము జబ్బు అంతా పాకిందనుకున్నాం. ఏదన్నా పచ్చాకు కడుపులోకి పోయినా ఇట్లే కనపడొచ్చు. పోయిందో లేదో నీకే తెలియాల.”

ఆమె కళ్లద్దాలు తీసి మంచం మీద పెట్టింది. తమ్ముడి వైపు చూసింది. శెట్టిగారు కప్పు వైపు చూస్తున్నారు.

“చెప్పక్కా” అన్నారాయన. “ఇంగ దాచి ఏం జేస్తావు?”

లక్ష్మమ్మ మంచం కింద నుంచి గుడ్డసంచి లాగి, అడుగున ఉన్న కాగితపు పొట్లం తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

“సునాముఖి ఆకు సామీ. ఎండబెట్టి దంచింది. మీ పొడి రెండో గలాసుకే వానికి కక్కు వచ్చె. ఉప్పుటుప్పగా నాలుగు లీటర్లు ఎవురు తాగుతారు? మిగిలింది బాత్రూములో పారబోసి, ఇది బెల్లం నీళ్లలో కలిపి తాపితి. మా ఇంట్లో ఏడాదికొకతూరి పిల్లా పెద్దా అందరికీ భేదికి ఇదే తాపుతా. ఎవురికీ ఏం కాల్యా. నా చేత్తో వానికి ఏమన్నా అయిందా సామీ?”

శానా మంచి భేదిమందు అని డాక్టర్ ఖలీల్ అన్నారు. అది నిజం. ఇంగ్లీషు మందుల్లో కూడా సునాముఖి సారం వాడతారు. కాకపోతే అందులో ఆకు పొడి ఉండదు.

నేను పొట్లంలోంచి చిటికెడు పొడి తీసి, మరో గాజునాళికలో స్పిరిట్ పోసి కలిపాను. కొద్దిసేపు తేరనిచ్చాను. తెల్ల వెలుగులో లేత పచ్చ. నీలి వెలుగు వేశాను. పక్కనున్న నాళిక కంటే ముదురుగా, ఎర్రగా వెలిగింది. అందులో మా మందు ఒక్క రేణువు కూడా లేదు.

లక్ష్మమ్మ అడిగింది, ఆ కళ్లద్దాలు మళ్లీ ఇస్తావా నాయనా అని. చూసి, కరివేపాకు కూడా ఇట్లే కనపడుతుందా అంది. నాకూ తెలియదు. మేరీ సిస్టర్ క్యాంటీన్ నుంచి కరివేపాకు, కొత్తిమీర, గోంగూర తెప్పించింది. టాబ్లెట్లు పొడిచేసే రోలులో ఒక్కొక్కటే నూరి స్పిరిట్‌లో కలిపాం. మూడూ ఎర్రగానే వెలిగాయి. గోంగూర తక్కువ, కరివేపాకు ఎక్కువ. కాసేపటికి శెట్టిగారు కూడా లేచి కూర్చుని కళ్లద్దాలు అడిగారు.

“ఏమక్కా, నా పేగుల్లో పొలమే ఏస్తివి గదా” అన్నారు.

“ఊరుకోరా. పొలం కాబట్టి సరిపాయె.”

ఆకు వెలుగుతుందని తేలింది. గోడకు జబ్బు లేదని తేలలేదు. ఈ తేడాను డాక్టర్ ఖలీల్ శెట్టిగారికి దాచకుండా చెప్పారు. ఆ ఎరుపులో కొంత ఆకుదీ, కొంత జబ్బుదీ అయి ఉండవచ్చు. తేల్చాలంటే పరీక్ష మళ్లీ చేయాలి. ఈసారి వేరే పద్ధతిలో: ఆసుపత్రి పొడితోనే కడుపు కడగాలి, తరువాత మందు తాగకముందే ఒకసారి నీలి వెలుగులో పేగంతా చూడాలి. అప్పుడు ఏదీ వెలగకూడదు. ఏదైనా వెలిగితే అది మన మందుది కాదు. మందు తాగాక వెలిగేదే లెక్కలోకి వస్తుంది. ఇది ఆయన అప్పటికప్పుడు, మంచం మీద కూర్చుని, మందుచీటీ వెనక గీసి చూపిన పథకం. ప్రాజెక్టు పత్రాల్లో ఈ ముందు చూపు లేదు. చెప్పింది చెప్పినట్టు తాగి వచ్చే రోగుల కోసం రాసిన పత్రాలవి.

శెట్టిగారు వెంటనే ఒప్పుకోలేదు. మళ్లీ అంతా ఎర్రగా వస్తే అని అడిగారు. వస్తే నేనే నిన్ను డోన్ బండి ఎక్కిస్తా, నీ మాటకు అడ్డం రాను అన్నారు డాక్టరు. కిటికీకి కట్టిన దుప్పటి అంచున వెలుగు పసుపు నుంచి నారింజకు మారి, తగ్గింది. పొద్దు గూకింది. బయటికి పోవడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

“ఆ ఉప్పు నీళ్లు మల్ల నాలుగు లీటర్లా?” అన్నారు శెట్టిగారు.

“నాలుగూ” అంది మేరీ సిస్టర్. “ఈతూరి నేను పక్కన కూచోని తాపుతా.”

“అక్కా, గుడ్డలు తియ్యి సంచిలోంచి.”

నాలుగో రోజు ముక్కల ఫలితాలు వచ్చాయి. ఐదింటిలోనూ మామూలు పొరే. వారం తిరిగాక రెండో పరీక్ష. ముందు చూపులో పేగు మొదటి నుంచి చివరి దాకా నీలి మసకే. ఎక్కడా ఏమీ లేదు. అప్పుడు మందు తాగించాం. ఐదు గంటల తరువాత చూస్తే ఎర్రగా వెలిగింది ఒకే చోటు, ముందు నుంచి తెలిసిన గడ్డ. డాక్టర్ ఖలీల్ ఆ చోటు దగ్గర గొట్టాన్ని నిలిపి, లెక్క మొదలుపెట్టేవాడిలా “ఒకటి” అన్నారు. తరువాత ఇంకేమీ అనలేదు.

చికిత్స ఆ నెలలోనే జరిగింది. ఇంజెక్షను ఇచ్చిన రెండు రోజులకు ఎర్ర లేజరు. వెలుగు ఎంతసేపు పడాలో, ఎంత బలంతో పడాలో లెక్క వేసి యంత్రాన్ని సిద్ధం చేయడం నా పని. పావుగంటలోపే అయిపోయింది. గడ్డ తెల్లబడి, రోజుల్లో ఎండి రాలిపోయింది.

తరువాతి నెల అంతా ఆయన డోన్‌లో ఎండ తగలకుండా ఉండాలి. వారానికి ఫోన్ చేసి కనుక్కోవడం నాకు అప్పగించారు. మొదటిసారి చేసినప్పుడు లక్ష్మమ్మ గర్వంగా చెప్పింది: గ్రహణం నాడు కడుపుతో ఉన్న ఆడబిడ్డను ఎట్ల దాచిపెడతామో అట్ల పెట్టినానప్పా, తలుపు సందులకు గుడ్డలు కుక్కినా, పగలు కూడా కన్ను పొడుచుకున్నా కనపడదు అని. నేను కంగారుపడ్డాను. ఆ మందు గదిలోని మామూలు వెలుగుకు కొంచెం కొంచెంగా కరిగిపోవాలి. పూర్తి చీకట్లో పెడితే చర్మంలో అట్లే నిలిచిపోతుంది. ఎండ వద్దు, వెలుగు కావాలి అని మూడుసార్లు చెప్పాను. నువ్వు పోయినవారం వెలుగే వద్దంటివి గదా అని ఆమె నిలదీసింది. నిజానికి ఎండ వద్దని మాత్రమే చెప్పాం. కానీ చెప్పిన తీరు వాళ్లకు గ్రహణంలా వినిపించిందంటే ఆ తీరు మార్చుకోవలసింది మేమే. మేరీ సిస్టర్ ఇచ్చే సూచనల కాగితంలో అప్పటి నుంచి ఒక వాక్యం చేరింది: ఇంట్లో ట్యూబులైటు వేసుకోవాలి, కిటికీ పక్కన కూర్చోకూడదు.

ఈ చికిత్స అందరికీ సరిపోతుందని నేను చెప్పడం లేదు. మా ప్రాజెక్టుకు వచ్చినవాళ్లలో చాలామందికి గడ్డ అప్పటికే లోతుకు దిగి ఉండేది. వాళ్లు ఆపరేషనుకే వెళ్లారు. వెళ్లడమే సరైనది.

వృత్తిపరంగా నేను నేర్చుకున్నది ఇది. యంత్రం ఎరుపు అని మాత్రమే చెబుతుంది. జబ్బు అనే మాట దాని పక్కన చేర్చేది మనం. ఏదైనా వెలుగుతుందేమోనని చూసే ముందు, ఏమీ వెలగకూడని వేళ ఒకసారి చూసి ఉండాలి. రోగి ఇంట్లో ఏ ఆకు నూరుతారో అడగడం కూడా యంత్రాన్ని సరిచూసుకోవడంలో భాగమే, అది తిట్టకుండా అడగాలి. సోలారు పంపుసెట్టు బిగించేటప్పుడు కూడా నేను మొదట ప్యానెలు మీద గోనెసంచి కప్పి, మీటరు సున్నా చూపుతోందో లేదో చూస్తాను.

శెట్టిగారి ఆఖరి పరీక్ష 2009 ఆగస్టులో జరిగింది. ఆయన అంగడి తాళం కొడుకుకు ఇచ్చి, అక్కను తీసుకుని పొద్దున బండికి వచ్చారు. నాలుగు లీటర్లూ తాగారు. ఎర్రగా కనిపించిన చోట్లు: మందుకు ముందు సున్నా, మందు తరువాత సున్నా.